పాత స్టెర్లింగ్ వెండి స్పూన్లు, ఫోర్కులు, కత్తులు: గుర్తుపట్టడం, జత కలపడం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

పదహారేళ్ల కిందట న్యూజెర్సీలో మా వీధి చివర ఇంట్లో ఎస్టేట్ సేల్ పెట్టారు. అంటే ఇంటి పెద్దలు పోయాక సామానంతా ఆ ఇంట్లోనే పరిచి అమ్మడం. అక్కడ ఒక చెక్కపెట్టె కొన్నాను. అందులో ఏడు ఫోర్కులు, అయిదు స్పూన్లు, మూడు కత్తులు ఉన్నాయి. అన్నీ గొర్హామ్ అనే అమెరికన్ కంపెనీ చేసిన షాంటిలీ ప్యాటర్న్. ప్యాటర్న్ అంటే సెట్టు మొత్తానికీ ఒకేలా ఉండే డిజైన్, దానికి కంపెనీ పెట్టిన పేరు. దాన్ని పన్నెండు మందికి సరిపడే సెట్టుగా నింపడానికి నాకు ఎనిమిదేళ్లు పట్టింది. ఆ తర్వాత తెలిసినవాళ్లు ఫోటోలు పంపి అడగడం మొదలుపెట్టారు. ఎక్కువసార్లు వచ్చిన ప్రశ్నలకు జవాబులు ఇవి. ఎక్కువ భాగం అమెరికా సామాను గురించే. ఇంగ్లండ్ వాటి గురించి కూడా అవసరమైనంత చెప్పాను.

స్టెర్లింగ్ అంటే స్వచ్ఛమైన వెండేనా?

కాదు. వెయ్యి పాళ్లలో 925 పాళ్లు వెండి, మిగతా 75 సాధారణంగా రాగి. స్వచ్ఛమైన వెండి మెత్తన, దాంతో ఫోర్కు చేస్తే పళ్లు వంగిపోతాయి. మనం కంచం, గ్లాసు కొనేటప్పుడు వీలైనంత స్వచ్ఛమైనది అడుగుతాం కాబట్టి 925 అనగానే కల్తీ అనుకునేవాళ్లు చాలామంది. అది కల్తీ కాదు. రోజూ వాడే వస్తువుకు గట్టిదనం కావాలని తెలిసి కలిపిన రాగి అది.

ముద్ర ఎక్కడ ఉంటుంది? ఎలా చదవాలి?

స్పూన్లకు, ఫోర్కులకు పిడి వెనకవైపు చూడండి. కత్తికైతే పిడి మీద, బ్లేడు మొదలయ్యే చోటుకు దగ్గరగా చాలా చిన్నగా ఉంటుంది. నగల షాపువాళ్లు కంటికి ఆనించుకునే పదిరెట్ల భూతద్దం ఒకటి కొనుక్కోండి. ఈ పనిలో అంతకంటే ఉపయోగపడే వస్తువు లేదు. అది లేనప్పుడు ఫోన్‌తో ఫోటో తీసి పెద్దది చేసుకుని చూసినా చాలావరకు పని జరుగుతుంది.

వెండిని పరీక్షించి ముద్ర వేసే అస్సే ఆఫీసులు ఇంగ్లండ్‌లో వందల ఏళ్లుగా ఉన్నాయి. అమెరికాలో ఆ పద్ధతి నిలవలేదు. బాల్టిమోర్‌లో 1814 నుంచి 1830 దాకా మాత్రం ఒకటి నడిచింది. అందుకని అమెరికాలో కంపెనీలే తమ ముద్ర తాము వేసుకున్నాయి. తొలి రోజుల్లో నాణేల వెండి వాడేవారు, అది సుమారు 900 పాళ్లు. టిఫనీ 1851లో, గొర్హామ్ 1868లో 925 ప్రమాణానికి మారాయి. అప్పటినుంచి స్టెర్లింగ్ అన్న మాట వెనకవైపు కనిపిస్తుంది. 1906లో ఈ ముద్రల గురించి ఫెడరల్ చట్టం కూడా వచ్చింది.

కంపెనీ గుర్తులు కొన్ని గుర్తుంచుకోండి. గొర్హామ్‌కు సింహం, లంగరు, పాతకాలపు రాతలో జి అక్షరం. రీడ్ అండ్ బార్టన్‌కు గద్ద, ఆర్ అక్షరం, సింహం. టోల్‌కు వంకీల టి అక్షరంలో సింహం. గొర్హామ్ ముద్రలో సింహం, లంగరు చూసి ఇది ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ వెండి అని పొరపడేవాళ్లు చాలామంది. తేడా తేలిక: ఇంగ్లండ్ సింహం మన ఎడమవైపుకు నడుస్తుంది, గొర్హామ్ సింహం కుడివైపుకు.

ఇంగ్లండ్ ముద్రలు ఎలా చూడాలి?

ఎడమకు నడిచే సింహం ఉంటే స్టెర్లింగ్. ఈ గుర్తు 1544 నుంచి ఉంది. పక్కనే ఊరి గుర్తు: లండన్‌కు చిరుత తల, బర్మింగ్‌హామ్‌కు లంగరు, షెఫీల్డ్‌కు 1974 దాకా కిరీటం. ఎడిన్‌బరోకు కోట గుర్తు ఉంటుంది, కానీ అక్కడ ఈ సింహం బదులు ముళ్లపువ్వు వాడారు. తర్వాత ఏడాదికొకటిగా మారే అక్షరం, చేసినవారి పొడి అక్షరాలు. రాజు లేదా రాణి తల కూడా ఉంటే అది పన్ను కట్టినట్టు గుర్తు, 1784 నుంచి 1890 మధ్యది. ఏడాది అక్షరం ఒక్కటే చూసి సంవత్సరం చెప్పకండి. లండన్‌లో 1975కు ముందు ఇరవై అక్షరాలు అయిపోగానే మళ్లీ మొదలయ్యేవి. అక్షరం రాత, దాని చుట్టూ ఉన్న డాలు ఆకారం కూడా పట్టికతో పోల్చాకే సంవత్సరం తేలుతుంది.

ఇంగ్లండ్ వెండిని జత కలిపేటప్పుడు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. ఓల్డ్ ఇంగ్లిష్, ఫిడిల్, కింగ్స్ లాంటి ప్యాటర్న్‌లు ఏ ఒక్కరి సొత్తూ కాదు, ఏ పనివారైనా చేయొచ్చు. అందుకే అక్కడి పాత సెట్టులో నలుగురైదుగురు పనివాళ్ల ముద్రలు కలగలిసి ఉండటం మామూలే. అమెరికాలో ప్యాటర్న్ చాలావరకు కంపెనీది, పేటెంటు తీసుకుని చేసింది.

వెండి పూత వేసినదా, అసలు వెండా? ఎలా తెలుస్తుంది?

ఇ.పి.ఎన్.ఎస్., ఏ1, ట్రిపుల్, క్వాడ్రుపుల్ అన్న మాటలుంటే పూతే. జర్మన్ సిల్వర్, నికెల్ సిల్వర్, అల్పకా అన్నవాటిలో వెండి అసలు ఉండదు. స్టెర్లింగ్ ఇన్‌లెయిడ్ అని ఉంటే మోసపోకండి. అది పూత వేసినదే, అరుగుదల ఎక్కువగా ఉండే చోట మాత్రం చిన్న వెండి బిళ్ల పొదుగుతారు. ముద్ర చదవడానికి రాకపోతే స్పూను బల్లకు ఆనే భాగాన్ని చూడండి. పూత అయితే అక్కడ అరిగి పసుపుపచ్చగానో బూడిదరంగుగానో కనిపిస్తుంది. అయస్కాంతం ఇనుమును మాత్రమే పట్టిస్తుంది, నికెల్ సిల్వర్‌ను పట్టించదు. యాసిడ్ పరీక్ష మచ్చ మిగులుస్తుంది కాబట్టి సెట్టులో ఉంచుకునే పీసు మీద వద్దు.

800, 830, 950 అంకెలున్న యూరప్ వెండి స్టెర్లింగ్ కాకపోయినా అసలు వెండే.

వెనక 1847 అని ఉంది. అంత పాతదా?

1847 రోజర్స్ బ్రదర్స్ అన్నది బ్రాండ్ పేరు. రోజర్స్ అన్నదమ్ములు వెండి పూత పని మొదలుపెట్టిన సంవత్సరం ఆ పేరులో ఉంది. ఆ పేరుతో 20వ శతాబ్దంలో కూడా బోలెడు సామాను వచ్చింది, అదంతా పూతే.

పేటెంటు సంవత్సరంతో కూడా ఇదే పొరపాటు జరుగుతుంది. నా షాంటిలీ ఫోర్కుల వెనక పేటెంటు 1895 అని ఉంది. విలియం సి. కాడ్‌మన్ గీసిన ఆ డిజైన్ వచ్చిన సంవత్సరం అది. ఫోర్కు తయారైన సంవత్సరం కాదు.

ప్యాటర్న్ పేరు ఎక్కడా రాసి లేదు. ఎలా కనుక్కోవాలి?

చాలావాటి మీద పేరు ఉండదు. ముందు కంపెనీ ఏదో తేల్చుకోండి. కంపెనీ తేలితే వెతకాల్సింది కొన్ని డజన్ల ప్యాటర్న్‌లలోనే. తేలకపోతే వేలల్లో వెతకాలి.

తర్వాత పిడి చివర ఎలా ఉందో గమనించండి. గుండ్రంగా ఉందా, కోసుగా ఉందా, ఫిడేలులా భుజాలున్నాయా, చివర ముందుకు వంగిందా వెనక్కి వంగిందా? అంచుకు గీత ఉందా, ముత్యాలున్నాయా, తీగ ఉందా? పువ్వు ఉంటే ఎన్ని రేకులు? రెండు వైపులా ఒకే పువ్వా, పక్కకు ఒరిగిందా? పిడి నడుమ భాగం నున్నగా ఉందా? వెనకవైపు కూడా డిజైన్ ఉందా? ఇవన్నీ ఒక కాగితం మీద మాటల్లో రాసుకోండి. రాస్తుంటేనే కళ్లు సరిగ్గా చూస్తాయి. నేను ఇప్పటికీ ఇలాగే చేస్తాను.

ఫోటోకు ఫ్లాష్ వాడకండి, వెండి మీద తెల్లటి మెరుపు తప్ప ఇంకేమీ రాదు. ముదురు రంగు బట్ట మీద పెట్టి, కిటికీ వెలుగు పక్కనుంచి పడేలా తీయండి. డాక్యుమెంట్ స్కానర్ గాజు మీద మెత్తగా ఆనించి స్కాన్ చేస్తే ఇంకా బాగా వస్తుంది. ఆ చిత్రాన్ని కంపెనీల పాత కేటలాగులతో పోల్చవచ్చు. నార్త్ కరోలినా గ్రీన్స్‌బరోలోని రీప్లేస్‌మెంట్స్ సంస్థ 1981 నుంచి ఇదే పని మీద ఉంది, వాళ్ల దగ్గర ప్యాటర్న్ చిత్రాల నిధి చాలా పెద్దది.

ప్యాటర్న్ పేరు తెలుసు. ఇక ఆ పేరుతో వెతికి కొనేయవచ్చా?

పేరును ఒక్కదాన్నే నమ్మకండి. లిలీ ఆఫ్ ద వ్యాలీ పేరుతో వైటింగ్‌కూ ఉంది, గొర్హామ్‌కూ ఉంది. రెండూ వేరు. పేరు వేరై చూపుకు ఒకేలా ఉండేవీ ఉన్నాయి.

మా స్నేహితురాలికి శామ్యూల్ కిర్క్ కంపెనీ రెపూసే సెట్టు ఉండేది. పిడి నిండా ఉబ్బెత్తు పూల పని. బాల్టిమోర్ కంపెనీ అది, డిజైన్ 1828 నాటిది. ఆమె కోసం ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర ఎనిమిది ఫోర్కులు కొన్నాను. ముందువైపు ఫోటో మాత్రమే పెట్టారు, నేను వెనకవైపు అడగలేదు. వచ్చాక చూస్తే స్టీఫ్ రోజ్. అదీ బాల్టిమోర్‌దే, అదీ ఉబ్బెత్తు పూలే, కానీ వేరే కంపెనీ, 1892 నాటి డిజైన్. కిర్క్‌లో రకరకాల పూలు, ఆకులు కలిసి ఉంటాయి. స్టీఫ్‌లో గులాబీలే ముందుకొస్తాయి. పక్కపక్కన పెడితే ఎవరికైనా తెలుస్తుంది, విడివిడిగా ఫోటోలో తెలియదు. ఆ రెండు కంపెనీలూ 1979లో కలిసిపోయాయి కాబట్టి ఆ తర్వాతి ముద్రల్లో రెండు పేర్లూ కలిసే కనిపిస్తాయి. గందరగోళం ఇంకా పెరిగింది.

అప్పటినుంచి వెనకవైపు ఫోటో చూడనిదే ఒక్క స్పూను కూడా కొనలేదు.

నా సెట్టులో స్పూను మీద ఒక పండ్ల గుత్తి, ఫోర్కు మీద ఇంకొకటి. వేర్వేరు ప్యాటర్న్‌లు కలిశాయా?

అది రీడ్ అండ్ బార్టన్ వారి ఫ్రాన్సిస్ ది ఫస్ట్ అయి ఉంటే, లేదు. 1907లో వచ్చిన ఆ ప్యాటర్న్‌లో పదిహేను రకాల పండ్ల, పూల గుత్తులు చెక్కారు. టీస్పూనుకు ఒకటి, ఫోర్కుకు ఒకటి అన్నట్టుగా వస్తువును బట్టి గుత్తి మారుతుంది. అంచు చుట్లు, మొత్తం ఆకారం మాత్రం ఒక్కటే. ఈ సంగతి తెలియక సెట్టు విడగొట్టి అమ్మేసినవాళ్లు ఉన్నారని వింటే బాధ కలిగింది.

అదే కంపెనీ, అదే ప్యాటర్న్. అయినా పక్కన పెడితే కలవడం లేదు. ఎందుకు?

నూటికి తొంభైసార్లు సైజే కారణం. అమెరికన్ సెట్టుల్లో భోజనానికి రెండు సైజులు ఉన్నాయి: డిన్నర్ సైజు, దానికంటే చిన్నదైన లంచన్ సైజు. 20వ శతాబ్దంలో ప్లేస్ సైజు అనే పేరు కూడా వాడుకలోకి వచ్చింది. లంచన్ లేదా ప్లేస్ ఫోర్కు 7 నుంచి 7¼ అంగుళాలు. డిన్నర్ ఫోర్కు 7½ నుంచి 7¾. కత్తుల్లో చిన్నది 8¾ నుంచి 9¼, పెద్దది 9½ నుంచి 9¾ దాకా. ప్యాటర్న్‌ను బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది. సగం అంగుళమే కదా అనిపిస్తుంది. బల్ల మీద వరుసగా పెట్టి చూడండి, ఆ సగం అంగుళమే ముందు కంటికి తగులుతుంది.

అమ్మేవాళ్లు చాలామంది పెద్దగా కనిపించిన ప్రతి ఫోర్కునూ డిన్నర్ ఫోర్కు అనేస్తారు. నేను ఆ మాట నమ్మి నాలుగు కొన్నాను, నా సెట్టు లంచన్ సైజుది అయినా. ఆ నాలుగూ ఇప్పటికీ విడిగా సంచిలోనే ఉన్నాయి. పేరు అడగకండి, కొలత అడగండి. చివరి నుంచి చివరి వరకు అంగుళాల్లో, టేపు పక్కన పెట్టి తీసిన ఫోటోతో. ఈ మొత్తం పేజీలో ఒక్క మాటే గుర్తుంచుకుంటానంటే ఇదే గుర్తుంచుకోండి.

స్పూన్లకూ ఇదే మాట. టీస్పూను 5¾ నుంచి 6 అంగుళాలు, చిన్న కాఫీ స్పూను 4 చిల్లర, ఐస్‌డ్ టీ స్పూను 7½ పైన, వడ్డించే టేబుల్ స్పూను 8 పైన. గుండ్రటి గుంట ఉన్న సూప్ స్పూన్లలోనే మూడు పొడవులు ఉన్నాయి: బులియన్, క్రీమ్ సూప్, గంబో.

కత్తులు కలపడం అంత కష్టమంటారు, ఎందుకు?

ఎందుకంటే కత్తిలో రెండు వస్తువులు ఉన్నాయి. పిడి స్టెర్లింగ్, లోపల బోలు. రెండు రేకులు అతికించి, లోపల లక్కలాంటి పదార్థమో సిమెంటో నింపి బ్లేడు కూర్చుతారు. బ్లేడు వేరే లోహం. పిడి సరిగ్గా కలిసినా బ్లేడు కలవకపోతే జత కుదరదు.

పాత బ్లేడులు కార్బన్ స్టీలు మీద వెండి పూత వేసినవి, కొస మొద్దుగా ఉంటుంది. షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ 1913లో స్టెయిన్‌లెస్ స్టీలు కనిపెట్టాక, 1920ల నుంచి ఆ బ్లేడులు వచ్చాయి. వాటిలోనూ కొస వంపును బట్టి ఫ్రెంచ్, మోడర్న్ అని రకాలు. అందుకని అడిగేటప్పుడు ప్యాటర్న్, పొడవు, బ్లేడు ఆకారం మూడూ చెప్పాలి. పూత లేచిపోయిన బ్లేడును తీసి కొత్త స్టెయిన్‌లెస్ బ్లేడు వేసే పనివాళ్లు ఉన్నారు. పిడి బాగుంటే అలా చేయించుకోవడం తప్పేమీ కాదు, కాకపోతే సెట్టులో అన్నింటికీ ఒకేసారి చేయించండి.

కత్తిని ఊపి చూడండి. లోపల గలగలమంటే నింపినది ఊడింది.

అన్నీ కలిశాయి, కానీ ఒకటి బరువుగా, ఒకటి తేలికగా ఉంది.

చాలా కంపెనీలు ఒకే ప్యాటర్న్‌ను మామూలు బరువులోను, ఎక్కువ బరువులోను చేశాయి. కాలం గడిచేకొద్దీ అచ్చులు కూడా మారాయి. చిన్న తూకం మీద గ్రాములు చూసి మీ దగ్గరున్నదానికి దగ్గరగా ఉన్నదే కొనండి. తక్కువ బరువుకు అరుగుదల కూడా కారణం కావచ్చు. ఫోర్కు పళ్లు నాలుగూ ఒకే పొడవులో ఉన్నాయా, స్పూను కొస ఒకవైపు చదునైందా చూడండి. అరిగిన పళ్లను రాసి సమం చేసి అమ్ముతారు. అలా చేసిన ఫోర్కు మిగతావాటి కంటే పొట్టిగా ఉండి దొరికిపోతుంది.

వేరేవాళ్ల పొడి అక్షరాలు చెక్కి ఉన్నాయి. తీయించాలా?

తీయించవద్దని నా గట్టి అభిప్రాయం. అక్షరాలు పోవాలంటే వెండిని గీకాలి, అక్కడ రేకు పలచబడుతుంది. ఇప్పటికే తీసేశారా అని తెలుసుకోవాలంటే ఆ చోట నోటితో ఆవిరి ఊదండి, పాత అక్షరాల నీడ ఒక్క క్షణం కనిపిస్తుంది. మా పెట్టెలో మూడు కుటుంబాల అక్షరాలు ఉన్నాయి. ఆ ఫోర్కులతో పండగ భోజనాలు చేసినవాళ్లవి ఆ పేర్లు, వాటిని అలాగే ఉండనిచ్చాను. పైగా అక్షరాలున్న పీసులు చవకగా వస్తాయి.

ఈ వింత స్పూను దేనికి?

విక్టోరియా కాలంలో టొమాటోకు, దోసకాయకు, సార్డీన్లకు, ఐస్‌క్రీముకు కూడా వేర్వేరు పీసులు చేశారు. ఒక్కో ప్యాటర్న్‌లో వందకు పైగా. 1925లో, అప్పుడు అమెరికా వాణిజ్య మంత్రిగా ఉన్న హెర్బర్ట్ హూవర్ సూచన మీద కంపెనీలు కొత్త ప్యాటర్న్‌కు 55 పీసులు మించకూడదని ఒప్పుకున్నాయి. కాబట్టి 1925 తర్వాతి ప్యాటర్న్ అయితే వెతకాల్సిన జాబితా చిన్నది.

వింతగా ఉన్నవన్నీ అసలువి కావు. మామూలు టేబుల్ స్పూనుకు చిల్లులు పొడిచి వడ్డన స్పూను చేయడం, అరిగిన ఫోర్కును కోసి ఇంకోటి చేయడం ఇప్పటికీ జరుగుతోంది. ఇంగ్లండ్‌లో 18వ శతాబ్దపు నున్నటి స్పూన్ల మీద విక్టోరియా కాలంలో పండ్లు ఉబ్బెత్తుగా కొట్టి బెర్రీ స్పూన్లు చేశారు. అవి అందంగానే ఉంటాయి, కానీ ముద్ర చూసి ఆ పనీ అంత పాతదే అనుకోవద్దు.

కొన్ని పీసులు ఎంత వెతికినా దొరకవు, కారణం ఏమిటి?

ఒక పెద్ద కారణం 1980 జనవరి. టెక్సాస్ చమురు వ్యాపారులైన హంట్ సోదరులు వెండి పోగుచేయడంతో ధర ఔన్సుకు 50 డాలర్ల దరిదాపులకు వెళ్లింది. జనం ఇంట్లోని సెట్టులు తెచ్చి అమ్మారు, అవి తూకానికి కరిగిపోయాయి. వెండి ధర పెరిగినప్పుడల్లా కొంత ఇలాగే పోతుంది.

తూకానికి కొనేటప్పుడు ఒక లెక్క తెలియాలి: వెండి ఔన్సు అంటే ట్రాయ్ ఔన్సు, 31.1 గ్రాములు. కత్తిని మొత్తంగా తూచి వెండి లెక్క కట్టకూడదు, అందులో బ్లేడూ లోపల నింపినదీ పోతే మిగిలే వెండి కొద్దిదే.

విభూతితోనో టూత్‌పేస్టుతోనో తోమవచ్చా?

మా అమ్మ వెండి కుందులు విభూతితోనే తోమేది, అవి తళతళలాడేవి. కానీ సన్నటి చెక్కడం ఉన్న ఫోర్కులకు అది వద్దు, టూత్‌పేస్టు అసలే వద్దు. రాపిడికి డిజైన్ అంచులు మొద్దుబారతాయి. అల్యూమినియం రేకు, వంటసోడా, వేడినీళ్ల పద్ధతి కూడా చెక్కడం ఉన్నవాటికి పనికిరాదు. పల్లాల్లో ఉండే నలుపును కావాలని ఉంచుతారు, దానివల్లే డిజైన్ లేచి కనిపిస్తుంది. ఆ నలుపు పోతే సెట్టులో ఆ ఒక్కటే వెలిసిపోయినట్టు ఉంటుంది. వెండికోసం అమ్మే మెత్తటి పాలిష్, నూలు బట్ట చాలు.

దాచేటప్పుడు రబ్బరు బ్యాండు చుట్టకండి. రబ్బరులోని గంధకం నల్లటి చారలు పెడుతుంది.

రోజూ వాడవచ్చా? డిష్‌వాషర్‌లో వేయవచ్చా?

వాడండి. వాడుతూ చేత్తో కడిగి వెంటనే తుడిచే వెండి పెద్దగా నల్లబడదు. కోడిగుడ్డు, ఉప్పు, ఆవపిండి, పులుసు తగిలితే అలాగే వదలకండి, గుడ్డు నలుపు చేస్తుంది, ఉప్పు గుంటలు పెడుతుంది. మేం ఆవకాయ వడ్డనకు స్టీలు స్పూనే వాడతాం. బోలు పిడి కత్తులను డిష్‌వాషర్‌లో వేయకండి, వేడికి లోపలి పదార్థం వదులై బ్లేడు ఊడుతుంది.

మా తాతగారింట్లో మద్రాసులో చేసిన పాత వెండి స్పూన్లున్నాయి. వాటికీ ఇవే పద్ధతులా?

చూసే పద్ధతి ఒకటే, కానీ ఇంగ్లండ్ పట్టికల్లో వెతకకండి. బ్రిటిష్ కాలంలో మద్రాసు మౌంట్ రోడ్డులోని పి. ఆర్ అండ్ సన్స్, కలకత్తాలోని హామిల్టన్ అండ్ కో లాంటి కంపెనీలు మన దేశంలోనే వెండి సామాను చేయించి తమ పేర్లు వేసుకున్నాయి. పిడి మీద దేవతామూర్తులున్న మద్రాసు పనికి స్వామి పని అని పేరు. అవి కంసాలులు చేత్తో చేసినవి, ఒక స్పూను ఇంకోదానిలా అచ్చుగుద్దినట్టు ఉండదు. వాటికి ఇంకో జత వెతకడం కంటే ఉన్నవాటి వెనక ఏముందో ఫోటో తీసి, ఎవరి నుంచి ఎవరికి వచ్చాయో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రాసి పెట్టుకోండి.

సేల్‌కు వెళ్లేటప్పుడు ఏం తీసుకెళ్లాలి?

భూతద్దం, టేపు, గ్రాముల తూకం. వీటితోపాటు మీ సెట్టులోంచి ఒక ఫోర్కు, మెత్తటి బట్టలో చుట్టి. అమ్మేవాళ్ల బల్ల దగ్గరకు రాగానే అది వాళ్లకు చూపించి, ఇది నా ఇంటి నుంచి తెచ్చుకున్నదని ముందే చెప్పండి. తర్వాత రెంటినీ బోర్లించి పక్కపక్కన పెట్టండి.